ధరల పట్టిక సైటు ఒక్కో ఫోన్లో ఒక్కోలా కనిపిస్తోంది, బ్రేక్‌పాయింట్లు ఎన్ని పెట్టాలి?

లాస్య_నరసరావుపేట:

అందరికీ నమస్తే. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు వాళ్లకి సైటు చేస్తున్నాను. పెద్దదేమీ కాదు. మొదటి పేజీలో ఆ రోజు ధరల పట్టిక, దాని కింద కొట్టు వివరాలు, ఫోన్ నంబరు, రకం పేరు కొట్టి వెతికే పెట్టె, పైన తెలుగు-ఇంగ్లీషు మార్చుకునే బటను, అంతే. పట్టికలో ఆరు కాలమ్స్ ఉన్నాయి: రకం (తేజ, బాడిగ, 334, ఆర్మూర్, తాలు ఇలా), వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, నిన్నటితో తేడా, రిమార్కు.

నా ల్యాప్‌టాప్ 1366 వెడల్పు, అందులో చక్కగా ఉంది. ఫోన్లో తెరిస్తే మాత్రం పట్టిక కుడివైపు బయటికి పోతోంది, పేజీ మొత్తం అటూ ఇటూ ఊగుతోంది. మా అన్నయ్య ఐఫోన్లో కింద అతికించి పెట్టిన "ఇప్పుడే కాల్ చేయండి" బటను సగం కనబడదు. కొట్లో పాత విండోస్ కంప్యూటర్ ఉంది, దాంట్లో మెనూ రెండో వరుసలోకి దిగి లోగో మీద పడుతోంది. ఇంగ్లీషులోకి మారిస్తే ఇవే పేజీలు దాదాపు బాగానే ఉంటాయి, తెలుగులో పెట్టగానే గోల మొదలు.

ఇప్పటికి 320, 360, 375, 390, 412, 768, 1024, 1366 అన్నిటికీ విడివిడిగా మీడియా క్వెరీలు (తెర వెడల్పుని బట్టి మారే నియమాలు) రాసుకుంటూ వచ్చాను, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతోంది. బ్రౌజర్ పేరు చూసి సఫారీ అయితే వేరే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) ఇచ్చేలా చిన్న స్క్రిప్టు కూడా పెట్టాను. అసలు ఎన్ని సైజులకు రాయాలి? మొబైల్‌కి విడిగా ఇంకో సైటు చేసేయడం మేలా? లేకపోతే బూట్‌స్ట్రాప్ లాంటి రెడీమేడ్ లేఔట్ కోడ్‌లోకి మారిపోవాలా? రైతులు చూసేదంతా ఫోన్లోనే, కాబట్టి ఫోన్లో బాగుండటమే నాకు ముఖ్యం.

లేఔట్_రమణ:

లాస్య గారూ, ముందు ఆ సైజుల జాబితా తీసేయండి. ఫోన్ మోడళ్లను పట్టుకుని బ్రేక్‌పాయింట్లు (లేఔట్ మారే వెడల్పులు) రాస్తే ఆ పని ఎప్పటికీ తెగదు, వచ్చే ఏడాది ఇంకో పది వెడల్పులు వస్తాయి. మీ పేజీని చిన్న వెడల్పు నుంచి మెల్లగా పెంచుకుంటూ పోండి, ఎక్కడ చూడటానికి ఇబ్బందిగా అనిపిస్తే అక్కడ ఒక బ్రేక్‌పాయింట్ పెట్టండి. ఆ అంకె 560 కావచ్చు, 710 కావచ్చు, అది ఏ ఫోన్‌దీ కానక్కర్లేదు, మీ పట్టికది అయితే చాలు. మీరు చెప్పిన పేజీకి రెండు సరిపోతాయి, మహా అయితే మూడు.

ఇంగ్లీషులో బాగుండి తెలుగులో చెడుతోంది అన్నారు చూడండి, మీ జవాబు సగం అందులోనే ఉంది. తెర ఒకటే, బ్రౌజర్ ఒకటే, మారింది రాత మాత్రమే. "హోమ్, ప్రైసెస్, కాంటాక్ట్" అని ఇంగ్లీషులో 500 పిక్సెళ్లలో పట్టే మెనూ "ముఖపేజీ, నేటి ధరలు, మమ్మల్ని సంప్రదించండి" అయ్యేసరికి 700 అడగొచ్చు. బ్రేక్‌పాయింట్ ఎక్కడ ఉండాలో ఆ మాటల పొడవు చెబుతుంది. అందుకే ఎప్పుడూ తెలుగు పేజీ పెట్టుకుని కొలవండి, పొడవైనది సరిపోతే పొట్టిది దానంతటదే సరిపోతుంది.

రెండోది, పేజీ తల భాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉందా? విడ్త్ దగ్గర డివైస్-విడ్త్ అనీ, ఇనీషియల్-స్కేల్ 1 అనీ ఉండాలి. అది లేకపోతే ఫోను మీ పేజీని డెస్క్‌టాప్ పేజీ అనుకుని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పులో గీసి, తర్వాత కుదించి చూపిస్తుంది. 2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు వెబ్ అంతా పెద్ద తెరలకే రాసి ఉంది కాబట్టి ఆపిల్ ఆ దారి పట్టింది, మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు. ఆ ట్యాగ్ లేకపోతే మీరు రాసిన 360 క్వెరీ ఫోన్లో అసలు పనిచేయదు. ఇంకో సంగతి, ఫోన్ డబ్బా మీద 1080 పిక్సెళ్లు అని ఉన్నా బ్రౌజర్‌కి కనిపించేది అది కాదు. డెన్సిటీ 3 ఉన్న ఫోన్లో 1080ని 3తో భాగించి 360 సీఎస్ఎస్ పిక్సెళ్లుగా లెక్కపెడుతుంది. మీడియా క్వెరీ చూసేది ఆ 360నే.

మొబైల్‌కి విడి సైటు వద్దు. ఒకప్పుడు అందరూ ఎమ్ చుక్క అని మొదలయ్యే చిరునామాతో వేరే సైటు నడిపేవాళ్లు. ధర ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోవడం, లింకు పంపితే ల్యాప్‌టాప్‌లో ఫోన్ పేజీ తెరుచుకోవడం, ఈ తలనొప్పులన్నీ అప్పటివే. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అనే వ్యాసం రాశాక దారి మారింది. శాతాల్లో సాగే గ్రిడ్, దానితో పాటు సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు, ఈ మూడూ కలిపి ఒకే పేజీ అన్ని తెరలకూ సరిపోయేలా చేయొచ్చని ఆయన చూపించారు. మనం ఇప్పటికీ చేస్తున్నది అదే, పనిముట్లు మాత్రం చాలా మెరుగయ్యాయి.

రాసే పద్ధతి: ముందు ఏ మీడియా క్వెరీ లేకుండా ఫోన్‌కి రాయండి. అన్నీ ఒకదాని కింద ఒకటి, ఒకే కాలమ్. ఆ తర్వాత మిన్-విడ్త్ పెట్టి, చోటు దొరికినప్పుడు పక్కపక్కకి చేర్చండి. మీరు రాసినట్టు డెస్క్‌టాప్‌కి రాసి మ్యాక్స్-విడ్త్‌లతో వెనక్కి లాక్కుంటూ వస్తే, ప్రతి చిన్న సైజుకీ పైన రాసినదాన్ని మళ్లీ రద్దు చేయాలి. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడటం అందుకే.

అక్షరమాల:

రమణ గారు చెప్పిన దానికి నా వంతు కలుపుతాను, తెలుగు సంగతి వరకే.

కొట్లో పాత విండోస్‌లో మెనూ దిగిపోతోంది అన్నారు కదా, మీ సీఎస్ఎస్‌లో తెలుగు ఫాంట్ పేరు ఏదైనా ఇచ్చారా? ఇవ్వకపోతే ఒక్కో సిస్టమ్ తనకున్నది వాడుకుంటుంది. పాత విండోస్‌లో గౌతమి, విండోస్ 7 నుంచి వాణి కూడా, 8 నుంచి నిర్మలా యూఐ, ఐఫోన్, మ్యాక్‌లలో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా నోటో సాన్స్ తెలుగు. అంకె ఒకటే, 16 పిక్సెళ్లే ఇచ్చారు, అయినా అక్షరం వెడల్పు, ఎత్తు వేటికవే. "మమ్మల్ని సంప్రదించండి" అన్న మాట ఒక ఫాంట్‌లో ఒక వరుసలో ఇమిడితే ఇంకో ఫాంట్‌లో కింది వరుసలోకి పోతుంది. మీకు బ్రౌజర్ తేడాలా కనిపిస్తున్నది చాలా వరకు ఫాంట్ తేడా.

కాబట్టి ఒక వెబ్ ఫాంట్ మీరే ఇవ్వండి. నోటో సాన్స్ తెలుగు సన్నం నుంచి బాగా లావు దాకా అన్ని బరువుల్లో దొరుకుతుంది, పట్టికకి అదే మంచిది. మండలి కూడా చదవడానికి హాయిగా ఉంటుంది, సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో ఒకటి, గూగుల్ ఫాంట్స్‌లో ఉంది, కాకపోతే అది ఒకే బరువులో వస్తుంది. దానికి బోల్డ్ ఇస్తే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేసేస్తుంది, చిన్న సైజులో ఘ, ఝ లాంటివి లోపల పూడుకుపోతాయి. ఫాంట్ దిగేలోపు ఫోన్లో ఉన్న ఫాంట్‌తోనే ధరలు కనిపించేలా ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ పెట్టండి. యార్డులో సిగ్నల్ సన్నగా ఉన్నప్పుడు ఖాళీ పేజీ చూస్తూ కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇక ఎత్తు. ఇంగ్లీషు అక్షరానికి లైన్-హైట్ 1.2 చాలు. తెలుగుకి చాలదు. "కనిష్ఠ" అన్న మాట చూడండి, ష కింద ఠ వత్తు దిగుతుంది, పైన "ని" గుడి లేస్తుంది. "స్త్రీ", "లక్ష్మి" అయితే ఇంకా దిగుతాయి. 1.2 పెట్టి ఓవర్‌ఫ్లో హిడెన్ కూడా ఇస్తే వత్తు తెగిపోయి "కనిష" అని చదువుకోవాల్సి వస్తుంది. నేను మామూలు రాతకి 1.7, శీర్షికలకి 1.4కి తగ్గకుండా పెడతాను. బటన్లకి హైట్ 40 పిక్సెళ్లు అని కట్టేయకండి, ప్యాడింగ్ ఇచ్చి ఎత్తు దానంతటదే తేల్చుకోనివ్వండి. మెనూకీ, కార్డులకీ అంతే. ఎక్కడెక్కడ హైట్ అని అంకె రాశారో వెతికి మిన్-హైట్ చేసేయండి, మీ సమస్యల్లో కొన్ని అక్కడికక్కడే పోతాయి.

ఇంకొక్కటి. పొడవైన మాట బయటికి పొడుచుకొస్తోందని కొందరు వర్డ్-బ్రేక్‌కి బ్రేక్-ఆల్ పెట్టేస్తారు. తెలుగులో అది చేయొద్దు. సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరిచేసి పొల్లు ఒక వరుసలో, మిగిలిన హల్లు తర్వాతి వరుసలో వచ్చే ప్రమాదం ఉంది. సంయుక్తాక్షరాలను ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకే 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది, పాత బ్రౌజర్లకి అది తెలియదు. ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి బ్రేక్-వర్డ్ ఇవ్వండి, గత్యంతరం లేనప్పుడు మాత్రమే మాటను విరుస్తుంది. లెటర్-స్పేసింగ్ కూడా తెలుగు రాతకి వద్దు.

ఖమ్మం_ఫ్రంటెండ్:

మాది ఖమ్మం, మిర్చి మార్కెట్ పక్కనే పెరిగినవాణ్ణి, అందుకే ఈ పట్టిక గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది.

నెట్‌లో వెతికితే మీకు మొదట దొరికే సలహా ఏంటంటే, చిన్న తెరలో ప్రతి వరుసనీ ఒక కార్డుగా మార్చేయమని. అంటే తేజకి ఒక డబ్బా, అందులో ఆరు లైన్లు, దాని కింద బాడిగకి ఇంకో డబ్బా. దయచేసి ధరల పట్టికకి అది చేయొద్దు. ధరల పేజీ తెరిచే మనిషి పోల్చుకోవడానికి తెరుస్తాడు. ఈ రోజు తేజకీ 334కీ ఎంత తేడా ఉంది, తాలు ఏం పలికింది అన్నది ఒక్క చూపులో తెలియాలి. కార్డులు చేస్తే ఒక ధర పైన, రెండో ధర వేలితో రెండుసార్లు తోస్తే గానీ రాదు. పైగా టేబుల్ ట్యాగ్‌లకి డిస్‌ప్లే బ్లాక్ అని మారిస్తే కొన్ని బ్రౌజర్లు దాన్ని పట్టికగా చూడటం మానేస్తాయి, కళ్లు కనబడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి ఏ అంకె ఏ కాలమ్‌దో తెలియకుండా పోతుంది.

నేనైతే ఇలా చేస్తాను. ముందు ఫోన్లో ఏది అవసరమో తేల్చుకోండి. రకం, కనిష్ఠం, గరిష్ఠం. ఈ మూడూ 360లో హాయిగా పడతాయి. "నిన్నటితో తేడా"ని గరిష్ఠ ధర కిందే చిన్న అక్షరాల్లో వేయొచ్చు. టిక్కీలు, రిమార్కు కుడివైపు ఉండనివ్వండి. పట్టిక చుట్టూ ఒక డివ్ (ఉత్త డబ్బా ట్యాగ్) పెట్టి దానికి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇవ్వండి, అప్పుడు పట్టిక మాత్రమే పక్కకి జరుగుతుంది, పేజీ కదలదు. రకం కాలమ్‌కి పొజిషన్ స్టికీ, లెఫ్ట్ 0, వెనక తెల్ల రంగు ఇస్తే అంకెలు జరిపినా ఏ రకందో పేరు ఎడమన నిలిచే ఉంటుంది. బోర్డర్-కొలాప్స్‌కి కొలాప్స్ అని ఉంటే స్టికీ గడి గీతలు జారిపోతాయి, సెపరేట్ పెట్టి బోర్డర్-స్పేసింగ్ 0 చేయండి.

కాలమ్ పేర్లు రెండు వరుసల్లో పడినా నష్టం లేదు, అంకెలు మాత్రం విరగకూడదు, ధర గడులకి వైట్-స్పేస్ నోర్యాప్ ఇవ్వండి. అంకెలన్నీ కుడివైపుకి సర్ది, ఫాంట్-వేరియంట్-న్యూమెరిక్‌కి టాబ్యులర్-నమ్స్ ఇస్తే (ఫాంట్‌లో ఆ సౌకర్యం ఉంటే) ఒకట్ల కింద ఒకట్లు, వేల కింద వేలు వస్తాయి. ఐదంకెల ధరలు చదివేవాళ్లకి ఇది ఎంత మేలో చెప్పలేను.

బూట్‌స్ట్రాప్ సంగతి: వచ్చు అంటే వాడండి, తప్పు లేదు. కానీ దాని బ్రేక్‌పాయింట్లు 576, 768, 992, 1200, 1400 అని ముందే కట్టి ఉంటాయి, అవి మీ తెలుగు మెనూకి సరిపోతాయన్న హామీ లేదు. ఈ చిన్న పేజీకి అది లేకపోయినా జరిగిపోతుంది. కొట్టు వివరాల కార్డులకి గ్రిడ్ (గడుల లేఔట్) పెట్టి, కాలమ్స్‌ని ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్ 16 రెమ్ (బ్రౌజర్ మూల అక్షరం సైజుకి 16 రెట్లు) నుంచి 1 ఎఫ్ఆర్ (దొరికిన చోటులో ఒక వాటా) అని ఒక్క లైను రాస్తే, చోటుని బట్టి ఒకటో రెండో మూడో కాలమ్స్ అవే తేల్చుకుంటాయి, మీడియా క్వెరీయే అక్కర్లేదు. గ్రిడ్ 2017 మార్చిలోనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోకీ వచ్చేసింది, ఇప్పుడు దాని గురించి భయపడాల్సింది లేదు.

లాస్య_నరసరావుపేట:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. వ్యూపోర్ట్ ట్యాగ్ ఉంది కానీ అందులో మ్యాక్సిమమ్-స్కేల్ 1, యూజర్-స్కేలబుల్ నో అని కూడా ఉన్నాయి, ఒక టెంప్లేట్ నుంచి వచ్చినవి, అవి ఉంచాలా? మీడియా క్వెరీలన్నీ తీసేసి చిన్న తెర నుంచి మొదలుపెట్టి రాస్తే రెండే మిగిలాయి, 540 దగ్గర ఒకటి, 860 దగ్గర ఒకటి. పట్టిక ఇప్పుడు డివ్ లోపలే జరుగుతోంది. నోటో సాన్స్ పెట్టాక కొట్టు కంప్యూటర్‌లో కూడా మెనూ కుదిరింది.

ఇంకా మిగిలినవి మూడు. పేజీ ఇప్పటికీ కొంచెం పక్కకి జరుగుతోంది, పట్టిక వల్ల కాదు, వేరే ఏదో. పట్టిక పై వరుసని, అంటే కాలమ్ పేర్లని, కిందికి స్క్రోల్ చేసినప్పుడు పైనే నిలపాలని స్టికీ, టాప్ 0 ఇచ్చాను, ఎడమ కాలమ్ నిలుస్తోంది గానీ ఇది నిలవట్లేదు. ఐఫోన్లో బటను సంగతి అలాగే ఉంది. అన్నయ్య ఫోన్లో క్రోమ్ వేసి చూసినా అంతే, క్రోమ్‌లో కూడా ఎందుకు రావట్లేదో అర్థం కాలేదు.

టెస్టింగ్_పద్మ:

లాస్యా, ఒక్కొక్కటిగా చెప్తాను.

ఐఫోన్లో క్రోమ్ వేసినా లోపల నడిచేది సఫారీ ఇంజనే (పేజీని గీసే భాగం), దాని పేరు వెబ్‌కిట్. యూరోపియన్ యూనియన్‌లో 2024 నుంచి ఐఓఎస్ 17.4తో వేరే ఇంజన్లకి దారి తెరిచారు గానీ మన దగ్గర ఐఫోన్లో ఏ బ్రౌజర్ వేసినా వెబ్‌కిట్టే. కాబట్టి ఆండ్రాయిడ్ క్రోమ్‌లో చూశాం కదా అని ఐఫోన్ క్రోమ్‌ని వదిలేయకూడదు. బ్రౌజర్ పేరు చూసి సీఎస్ఎస్ మార్చే ఆ స్క్రిప్టు కూడా ఈ రోజే తీసెయ్యి. క్రోమ్ తన పేరు చెప్పుకునే వరుసలో సఫారీ అన్న మాట కూడా ఉంటుంది, 2019లో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్ సఫారీ తనని మ్యాక్ అని చెప్పుకుంటుంది. పేరుని నమ్మితే ఎటో ఒకవైపు దెబ్బతింటావు. ఆ బ్రౌజర్‌కి ఫలానా లక్షణం వచ్చా రాదా అని సీఎస్ఎస్‌లోనే సపోర్ట్స్ నియమంతో అడగొచ్చు, అది నమ్మదగ్గది.

బటను సంగతి. బయటి డివ్‌కి హైట్ 100 వీహెచ్ అని ఇచ్చి ఉంటావు, బటనుని దాని అడుగున పెట్టి ఉంటావు. ఫోన్లో 100 వీహెచ్ అంటే అడ్రస్ బార్ ముడుచుకున్నప్పుడు దొరికే పెద్ద ఎత్తు. బార్ కనబడుతున్నంతసేపూ ఆ మేరకి పేజీ అడుగు కిందికి పోతుంది, నీ బటను ఉన్నది సరిగ్గా అక్కడే. మొదట 100 వీహెచ్ అని రాసి, దాని కింది లైన్లో 100 డీవీహెచ్ (ఆ క్షణంలో నిజంగా కనబడే ఎత్తు) అని రాయి. కొత్తది తెలిసిన బ్రౌజర్ రెండోది తీసుకుంటుంది, తెలియని పాత బ్రౌజర్ ఆ లైన్ని వదిలేసి మొదటిదానితో సరిపెట్టుకుంటుంది. డీవీహెచ్ సఫారీ 15.4లో, 2022లో వచ్చింది, అదే ఏడాది క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా తెచ్చాయి. అయినా నీ పేజీకి ఆ ఎత్తే అక్కర్లేదేమో చూడు, బటనుకి పొజిషన్ ఫిక్స్‌డ్, బాటమ్ 0 ఇస్తే చాలు. కొత్త ఐఫోన్లలో అడుగున ఉండే సన్నని గీత బటను మీద పడకుండా వ్యూపోర్ట్ ట్యాగ్‌లో వ్యూపోర్ట్-ఫిట్ కవర్ పెట్టి, బటను కింద ప్యాడింగ్‌లో సేఫ్-ఏరియా-ఇన్‌సెట్-బాటమ్ కలుపు.

వెతికే పెట్టెలో అక్షరం సైజు ఎంత? 16 పిక్సెళ్లకి తక్కువ ఉంటే ఐఫోన్లో దాన్ని తాకగానే పేజీ మొత్తం పెద్దదై పక్కకి జరుగుతుంది. పేజీ ఊగడానికి అది ఒక కారణం కావచ్చు.

మ్యాక్సిమమ్-స్కేల్, యూజర్-స్కేలబుల్ రెండూ తీసెయ్యి. అవి వేళ్లతో పెద్దది చేసుకుని చూడకుండా ఆపుతాయి. ఐఫోన్ సఫారీ ఐఓఎస్ 10 నుంచి వాటిని పట్టించుకోవడం మానేసింది, ఆండ్రాయిడ్‌లో మాత్రం ఇంకా అడ్డుపడొచ్చు. యార్డుకి వచ్చే పెద్దవాళ్లలో కళ్లజోడు ఇంట్లో పెట్టి వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారో నీకే తెలుసు, వాళ్లకి జూమ్ చేసుకునే హక్కు ఉండాలి. అక్షరం సైజుల్ని పిక్సెళ్లలో కాకుండా రెమ్‌లో ఇవ్వు, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరం పెద్దది పెట్టుకున్నవాళ్లకి నీ పేజీ కూడా పెరుగుతుంది. మీడియా క్వెరీలు కూడా ఈఎమ్‌లో (అదీ అక్షరం సైజుని బట్టి ఉండే కొలతే) రాస్తే, అక్షరం పెద్దదైనప్పుడు మెనూ ఇరుక్కోకుండా ముందే ఫోన్ లేఔట్‌లోకి మారుతుంది.

ఇది పరీక్షించడం తేలిక. ల్యాప్‌టాప్ బ్రౌజర్లో 400 శాతం జూమ్ చెయ్యి. 1280 వెడల్పు కిటికీలో 400 శాతం అంటే 320 సీఎస్ఎస్ పిక్సెళ్లే మిగులుతాయి. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలన్న ప్రమాణం) అడిగేది కూడా అదే, ఆ వెడల్పులో పక్కకి జరపకుండా చదవగలగాలని. పట్టికల్లాంటి వాటికి అందులో మినహాయింపు ఉంది, మిగతా పేజీకి లేదు.

లేఔట్_రమణ:

మిగిలిన రెండూ నేను చెప్తాను.

స్టికీ పై వరుస నిలవకపోవడానికి కారణం ఆ చుట్టూ పెట్టిన డివ్. స్టికీ అనేది తనకి దగ్గరగా ఉన్న స్క్రోల్ పెట్టెని చూసి నిలుస్తుంది. ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇచ్చాక ఆ డివ్ నిలువుగా కూడా స్క్రోల్ పెట్టె అయిపోతుంది, మీరు జరుపుతున్నది పేజీని, కాబట్టి డివ్ దృష్టిలో ఏదీ జరగలేదు. డివ్‌కి మ్యాక్స్-హైట్ 70 డీవీహెచ్ లాంటిది ఇస్తే పట్టిక దాని లోపలే పైకీ కిందికీ కూడా జరుగుతుంది, అప్పుడు పై వరుస, ఎడమ కాలమ్ రెండూ నిలుస్తాయి. రకాలు పదో పదిహేనో ఉంటే మాత్రం నేను పై వరుసని నిలపడం మానేస్తాను. ఫోన్లో స్క్రోల్ లోపల ఇంకో స్క్రోల్ ఉంటే వేలు ఏది జరుపుతుందో తెలియక చిరాకు.

పేజీ పక్కకి జరగడం: బాడీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ పెట్టి దాచేయకండి, చాలామంది చేసేది అదే. అసలు కారణం అలాగే ఉండిపోతుంది, పైగా స్టికీలు పనిచేయకపోవచ్చు. దోషిని పట్టుకోండి. అన్ని ఎలిమెంట్లకీ తాత్కాలికంగా ఎర్ర అవుట్‌లైన్ ఒక లైనులో ఇచ్చి చూడండి, ఏ డబ్బా కుడి అంచు దాటిందో కంటికి కనబడుతుంది. అవుట్‌లైన్ చోటు తీసుకోదు కాబట్టి లేఔట్ మారదు, బోర్డర్ ఇస్తే మారుతుంది.

సాధారణంగా దొరికేవి ఇవే. ఏదో ఒకదానికి విడ్త్ 100 వీడబ్ల్యూ (కిటికీ మొత్తం వెడల్పు) ఇచ్చి ఉండటం, విండోస్‌లో స్క్రోల్‌బార్ వెడల్పు కూడా అందులో కలిసిపోయి కిటికీ కన్నా ఎక్కువైపోతుంది, 100 శాతం అని రాస్తే పోతుంది. కొట్టు ఫోటోకి మ్యాక్స్-విడ్త్ 100 శాతం ఇవ్వకపోవడం. ఇంకోటి చాలామందికి తట్టదు: ఫ్లెక్స్‌లో గానీ గ్రిడ్‌లో గానీ ఉన్న డబ్బా తన లోపలి రాత కన్నా చిన్నదవడానికి ఒప్పుకోదు, ఎందుకంటే వాటికి మిన్-విడ్త్ మామూలుగానే ఆటో అని ఉంటుంది. మీ పట్టిక డివ్‌ని లోపల పెట్టుకున్న బయటి డబ్బా ఒక గ్రిడ్‌లో ఉంటే ఆ బయటి డబ్బాకి మిన్-విడ్త్ 0 ఇవ్వండి. నా అనుమానం దాని మీదే.

డాలస్_వెంకట్:

పైన అందరూ చెప్పింది బాగుంది, ఒక చిన్న మాట. కంటైనర్ క్వెరీల పేరు ఎవరూ ఎత్తలేదు. తెర వెడల్పుని కాకుండా ఆ డబ్బా కూర్చున్న చోటు వెడల్పుని బట్టి మారేవి. మొదటి పేజీలో ధరల డబ్బా పూర్తి వెడల్పులో ఉండి, లోపలి పేజీల్లో పక్కన ఇరుకుగా ఉంటే అది చాలా పనికొస్తుంది. క్రోమ్ 105, సఫారీ 16లతో 2022లో వచ్చింది, ఫైర్‌ఫాక్స్ 2023 ఫిబ్రవరిలో తెచ్చింది. అయితే పాత ఫోన్లని చూసుకుని వాడండి. ఐఫోన్ 7 ఐఓఎస్ 15 దగ్గరే ఆగిపోయింది, ఐఫోన్లో సఫారీ సిస్టమ్‌తో పాటే మారుతుంది కాబట్టి దాంట్లో ఇవి ఎప్పటికీ పనిచేయవు. ఆండ్రాయిడ్ 7 ఉన్న ఫోన్లకి క్రోమ్ 119తో ఆగిపోయింది, దాంట్లో పనిచేస్తాయి. అంటే పాత ఆండ్రాయిడ్ పరవాలేదు, పాత ఐఫోన్‌కి మాత్రం క్వెరీ లేకపోయినా చదవగలిగే మామూలు లేఔట్ కింద ఉండాలి. ఏ లక్షణం ఎక్కడ పనిచేస్తుందో క్యాన్ ఐ యూజ్ సైటులో చూసుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో కిటికీ లాగి చూడటం, బ్రౌజర్ డివైస్ మోడ్‌లో చూడటం మొదటి వడపోతకి సరిపోతాయి (ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ నొక్కితే వస్తుంది). డివైస్ మోడ్ తెర సైజు లాంటి వాటినే అనుకరిస్తుంది, ఇంజన్ మీ ల్యాప్‌టాప్‌దే, ఫాంట్లూ దానివే. అడ్రస్ బార్ ముడుచుకోవడం, తెలుగు కీబోర్డు లేచి సగం తెర తినేయడం అందులో కనబడవు. కొట్లో గుమాస్తా ఫోనూ, అన్నయ్య ఐఫోనూ ఉన్నాయి కదా, వాటిలోనే చూడండి, ఎండలో నిలబడి కూడా ఒకసారి చూడండి. లేత బూడిద రంగు అంకెలు గదిలో బాగుంటాయి, యార్డులో కనబడవు.

లాస్య_నరసరావుపేట:

దొరికింది! మిన్-విడ్త్ 0నే. రమణ గారు అన్నట్టు పట్టిక డివ్ ఉన్న బయటి డబ్బా గ్రిడ్ లోపల ఉంది, ఆ ఒక్క లైను పెట్టగానే పేజీ కదలడం ఆగింది. వెతికే పెట్టెలో సైజు 14 ఉంది, 1 రెమ్ చేశాను. బటను ఫిక్స్‌డ్ చేశాను, అన్నయ్య ఫోన్లో ఇప్పుడు పూర్తిగా కనిపిస్తోంది. రకాలు పన్నెండే ఉన్నాయి, అందుకని పై వరుస నిలపడం వదిలేశాను, ఎడమ కాలమ్ చాలు.

కొట్టు ఓనర్ ఒకటి అడిగారు. పొద్దున్నే ఆ పేజీని ప్రింట్ తీసి బయట బోర్డు మీద అంటిస్తారట, ఫోన్ చూడటం రానివాళ్ల కోసం. ఇప్పుడు ప్రింట్ ఇస్తే మెనూ, కాల్ బటను అన్నీ కాగితం మీద వచ్చేస్తున్నాయి, కుడివైపు రెండు కాలమ్స్ తెగిపోతున్నాయి. దీనికి విడిగా పేజీ చేయాలా?

టెస్టింగ్_పద్మ:

విడి పేజీ వద్దు, మీడియా ప్రింట్ అని ఇంకో బ్లాక్ రాయి. అందులో మెనూ, వెతికే పెట్టె, బటను డిస్‌ప్లే నన్. పట్టిక డివ్‌కి ఓవర్‌ఫ్లో విజిబుల్, మ్యాక్స్-హైట్ ఏదైనా ఉంటే నన్, కాగితం మీద ఎవరూ పక్కకి జరపలేరు కాబట్టి తెగేది అక్కడే. స్టికీని స్టాటిక్ చెయ్యి. పేజ్ నియమంలో ఏ4 ల్యాండ్‌స్కేప్ అని ఇస్తే ఆరు కాలమ్స్ పడతాయి, ఆ మాట వినని బ్రౌజర్ ఉంటే ప్రింట్ చేసేటప్పుడు చేత్తో మార్చుకోమని గుమాస్తాకి చెప్పు. అక్షరం సైజు పాయింట్లలో ఇవ్వు, బోర్డు మీద దూరం నుంచి చదవాలంటే 18 పాయింట్లకి తగ్గకూడదు, రకం పేరూ గరిష్ఠ ధరా ఇంకా పెద్దవి. వరుసలకి బ్రేక్-ఇన్‌సైడ్ అవాయిడ్ ఇస్తే ఒక వరుస రెండు కాగితాల మధ్య చీలదు. కాలమ్ పేర్లు టీహెడ్ ట్యాగ్‌లో ఉంటే రెండో కాగితం మీద కూడా అవే మళ్లీ వస్తాయి. వెనక రంగులు ప్రింట్‌లో మామూలుగా రావు, ధర పెరిగింది తగ్గింది అన్నది ఎరుపు ఆకుపచ్చలతోనే చూపిస్తుంటే పక్కన కూడిక, తీసివేత గుర్తులు కూడా పెట్టు. తేదీ పైన పెద్దగా ఉండాలి, నిన్నటి కాగితం తీయడం మర్చిపోతే అది చూసే మనిషి మోసపోకూడదు.